పెంటకుప్ప చూసి కాలేజీ ఎంచుకోండి

వ్యవసాయం చదవాలన్నా పశువైద్యం చదవాలన్నా ఏ కాలేజీ మంచిదని అడగడానికి ఇప్పటికీ నాందేడ్‌లోని మా ఇంటికి మనుషులు వస్తూనే ఉంటారు. నేను రిటైరైన సంగతి వాళ్లకు పట్టదు. చేతిలో రంగురంగుల కాగితాలు పట్టుకుని వస్తారు. ఒకదాని మీద జెర్సీ ఆవు, ఇంకోదాని మీద తెల్లకోటు వేసుకుని నవ్వే అమ్మాయి. ఆ ఆవు ఆ కాలేజీది కాదు, ఆ అమ్మాయి ఆ కాలేజీ మొహం కూడా చూసి ఉండదు. కాగితం మడత విప్పకముందే ఈ మాట చెప్పగలను.

వచ్చినవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. గేటు చూడకండి, బోర్డు చూడకండి, ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని చాయ్ తాగకండి. నేరుగా కొట్టం వెనక్కి పోయి పెంటకుప్ప ఉందో లేదో చూడండి. వాళ్లు నన్ను పిచ్చివాడిలా చూస్తారు. చూడనీయండి. పశువులను ఒక్కరోజుకు అరువు తేవచ్చు గానీ, ఏడాది పేడను ఎక్కడి నుంచి అరువు తెస్తారు?

పశువుల డాక్టర్లుగానో, ఇలాంటి కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లుగానో, రేపు వాటిని తనిఖీ చేసేవాళ్లుగానో ఉద్యోగంలో చేరే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు మీకెందుకు, వదిలేయండి. ఈ పనిలో నిజంగా ఏముంటుందో అది మాత్రం చెబుతాను.

అనుమానం ఎక్కడ నేర్చుకున్నాను

మాది కర్ఖేలి, తెలుగు సరిహద్దుకు మరాఠీ వైపున్న ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అంగట్లో ఎవరికి ఏది వస్తే అది. పశువుల డాక్టరుగా ఇస్లాపూర్, కిన్వట్ వైపు కొన్నేళ్లు తిరిగాను. తర్వాత నాందేడ్ దగ్గర ఒక సర్కారు వ్యవసాయ విద్యాలయంలో పశుపోషణ పాఠాలు చెప్పాను. అక్కడ ఉండగానే ప్రైవేటు కాలేజీల తనిఖీకి వెళ్లే కమిటీలో నా పేరు వేశారు. అక్కడి నుంచి నా బుద్ధి మారిపోయింది. దేన్ని చూసినా దీని వెనకాల ఏముందనే ఆలోచనే.

మా ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్విస్తుంది. "పెండ్లిసూపులకొచ్చి నన్ను సూడలె. మా ఇంటెనక పెంటకుప్ప సూసి, మీకు బర్రెలు ఎన్ని అని మా నాయిన్ను అడిగిండు" అంటుంది. అది నిజం కాదు. అప్పటికి నేనింకా తనిఖీలకు పోవడం మొదలుపెట్టలేదు. కానీ ఎంత చెప్పినా ఎవరూ నమ్మరు.

మా కమిటీకి పెద్ద దేశ్‌పాండే సార్. పొడుగ్గా, నిదానంగా ఉండే మనిషి. ఏ కాలేజీకి పోయినా మొదట సత్కారం ఉంటుంది కదా, శాలువా కప్పుతారు, కొబ్బరికాయ చేతిలో పెడతారు, తలపాగా చుడతారు, ఆ తర్వాత సంస్థ అధ్యక్షుడు రైతు కష్టాల మీద కళ్లనీళ్లు పెట్టుకుని మాట్లాడతాడు. దేశ్‌పాండే సార్ అవన్నీ కాదనకుండా చేయించుకునేవారు. మొదటిసారి నాకు కోపమొచ్చింది. ఈ ముసలాయనకు పొగడ్తలు కావాలేమోననుకున్నాను. ఆయన తలపాగా సర్దుకుంటూ నా చెవిలో మరాఠీలో అన్నారు.

"నువ్వు చేతులు కడుక్కోవడానికి పో. కొట్టం దగ్గరి నల్లా కింద కడుక్కో. వీళ్లంతా నా చుట్టూ ఉన్నప్పుడే పోవాలి."

అప్పుడు అర్థమైంది. ఆయన శాలువా కప్పుకుని వాళ్లందరినీ అక్కడ కట్టేసేవారు. నేను పోయి చూసి వచ్చేవాణ్ని. ఇద్దరం కలిసి ఎన్ని కాలేజీలు తిరిగినా ఇదే పద్ధతి.

అరువు పశువులు

ఒక కాలేజీలో ఆవులూ బర్రెలూ పెళ్లికొచ్చినట్టు వరసగా నిలబడి ఉన్నాయి. కొమ్ములకు నూనె, మెడలకు ఒకే రంగు కొత్త పలుపులు. ఇవన్నీ మా కాలేజీలోనే దూడలుగా పుట్టి పెరిగాయని ప్రిన్సిపాల్ గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాడు. ఆయన చెబుతుండగానే వెనకాల రెండు బర్రెలు కొమ్ములు కలిపి కుమ్ముకుంటున్నాయి.

పశువులతో తిరిగినవాడికి ఇది చాలు. కొత్త పశువులను ఒకచోట చేరిస్తే ఏది పెద్దదో తేలేదాకా పొడుచుకుంటాయి. ఒక కొట్టంలో పెరిగినవాటికి ఆ పంచాయితీ ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. భోజనాలు కానిచ్చి తిరిగి వస్తుంటే ఒక ముసలి రైతు కంచె దగ్గర నిలబడి, మా బర్రెను ఎప్పుడు వదులుతారు, పాలు పిండే వేళయింది, అని మరాఠీలో అరుస్తున్నాడు. ప్రిన్సిపాల్ మొహం పాలిపోయింది. దేశ్‌పాండే సార్ మాత్రం చాలా మర్యాదగా అడిగారు.

"ఈ బర్రె మీ దగ్గర పర్మనెంటు కాదా? పాపం, గంటల లెక్కన వస్తుందా?"

అప్పటి నుంచి నేను పిల్లలను ఒక ప్రశ్న అడగడం అలవాటు చేసుకున్నాను. ప్రిన్సిపాల్ పక్కన లేనప్పుడు, నవ్వుతూ అడగాలి. మీ ఆవుల్లో ఏది తంతుంది? నిజంగా పశువులతో పనిచేసే పిల్లలైతే నలుగురూ ఒకేసారి నోరు తెరుస్తారు. ఆ తెల్లది సార్, వెనక ఎడమ కాలు సార్, మొన్న వీడి బకెట్టు ఎగిరిపోయింది సార్, అని ఒకడి మీద ఒకడు పడి చెబుతారు. పశువు మొహం చూడని పిల్లలైతే మా ఆవులు చాలా మంచివండి అంటారు. అంత మంచి ఆవులు నా సర్వీసులో ఒక్కటీ తగల్లేదు.

అందంగా లేనిదంతా దొంగదనీ అనుకోకండి. అడవి దారిలో ఒక రేకుల షెడ్డు కాలేజీకి పోయాం. గేటు దగ్గర ఎవరూ లేరు. శాలువా లేదు, కొబ్బరికాయ లేదు. ఆవు ఈనుతోంది, అది అయ్యాక వస్తానని ప్రిన్సిపాల్ కబురు పంపింది. ఇదీ ఒక నాటకమేనని నేను లోపల గొణుక్కున్నాను. పోయి చూస్తే ఆవిడ మోచేతుల దాకా తడిసి ఉంది, చుట్టూ పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. మా వైపు ఒక్కరూ తిరగలేదు. దూడ లేచి నిలబడేదాకా మేమూ అక్కడే నిలబడిపోయాం. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. దేశ్‌పాండే సార్ అయితే కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

మంచి మనిషితో వచ్చిన నష్టం

దేశ్‌పాండే సార్ తర్వాత వచ్చిన పెద్దసారు చాలా మంచివాడు. ఎవరి దగ్గరా గ్లాసుడు మంచినీళ్లు కూడా ఊరికే తాగడు. కానీ అందరినీ నమ్మేవాడు. వచ్చే నెల ల్యాబు తెరుస్తామంటే నమ్మేవాడు. పశువులు మేతకు పోయాయంటే, నడి ఎండలో ఏ మేతకని అడగకుండా తలూపేవాడు. నేను గొణిగితే భుజం తట్టేవాడు.

"ఎంత కష్టపడి కట్టారో చూడండి. మనం రాళ్లు వేస్తే ఎట్లా?"

వాళ్లు కట్టింది గోడలండీ. గోడలకు పిల్లలు సూది వేయడం నేర్చుకుంటారా? ఈ మాట ఆయన మొహం మీదే అన్నాను. ఆయన బాధపడ్డాడు గానీ సంతకం మానలేదు. నా అభిప్రాయం దాచుకోను. లంచం తిని కళ్లు మూసుకునేవాడికి కనీసం తాను ఏం దాస్తున్నాడో తెలుసు, ఎక్కడో భయం ఉంటుంది. నమ్మి సంతకం పెట్టేవాడు హాయిగా నిద్రపోతాడు. ఆయన సంతకం చూసి చేరిన పిల్లలు డిగ్రీ చేతికొచ్చాక కూడా ఆవు పొదుగు పట్టుకోవడానికి భయపడ్డారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు నా దగ్గరికే వచ్చి ఏడ్చారు.

మీరు ఈ పనిలోకి వస్తే మంచి పేరు తెచ్చుకోవాలనే ఆశ ముందే వదులుకోండి. ఏ కాలేజీలోనైనా మిమ్మల్ని చూసి అందరూ సంబరపడుతున్నారంటే మీరెక్కడో తప్పు చేస్తున్నట్టే.

ప్రి-వెట్ అనే మాట

ఈమధ్య కొత్త మాట ఒకటి బయలుదేరింది, ప్రి-వెట్, అంటే పశువైద్యానికి ముందు చదువట. ఇంకే దేశంలోనైనా ఉంటే ఉండవచ్చు. మన దగ్గర పశువైద్య డిగ్రీ చదవాలంటే పన్నెండో తరగతి సైన్సు, ఆపైన ప్రవేశ పరీక్ష. మధ్యలో ప్రి-వెట్ అనే మెట్టేమీ లేదు. పశుపోషణ డిప్లొమాలు ఉన్నాయి, వాటి ఉపయోగం వాటికుంది, నేను కాదనను. కానీ ఇక్కడ రెండేళ్లు చదివితే తిన్నగా పశువుల డాక్టరు కోర్సులో కూర్చోబెడతామని ఎవడైనా అంటే, వాడిని ఆ మాట నలుగురి ముందు గట్టిగా అనమనండి. గొంతు తగ్గిస్తాడు.

ఈ మాట నాకు మొదట వినిపించింది ఇస్లాపూర్ నుంచి వచ్చిన ఒక కుటుంబం నోట. నేను అక్కడ డాక్టరుగా ఉన్నప్పటి నుంచీ ఆ ఇంటాయన పోశెట్టి నాకు తెలుసు. సొంత భూమి లేదు. భార్యాభర్తలు ఇద్దరూ కూలికి పోతారు, ఇంటి దగ్గర నాలుగు మేకలు. అతని కూతురు రుక్మిణి చిన్నప్పుడు కాలు విరిగిన మేకపిల్లను ఎత్తుకుని దవాఖానాకు వచ్చేది. నేను వెదురు బద్ద కట్టు కడుతుంటే ముక్కు నా చేతికి ఆనించినంత దగ్గరగా పెట్టి చూసేది. సైన్సు తీసుకుని పన్నెండు పూర్తి చేసింది. పశువైద్యం ప్రవేశ పరీక్ష రాసింది గానీ మార్కులు చాలలేదు. వ్యవసాయ డిగ్రీకి మాత్రం సర్కారు కాలేజీలో సీటు వచ్చింది. అది రాష్ట్రానికి ఆ కొసన, ఒక పగలంతా రైల్లో కూర్చోవాలి.

కిన్వట్ లైను రైల్లో పొద్దున్నే దిగి ముగ్గురూ మా ఇంటికి వచ్చారు.

"సారు, పిల్లకు రెండు సీట్లు దొరికినయ్" అన్నాడు పోశెట్టి. "ఒకటి గా దూరం సర్కారుది. ఇంకోటి ఈడనే నాందేడ్ పక్కపొంటి, ప్రి-వెట్ అంట. రెండేండ్లు సదివితే డైరెక్ట్ డాక్టర్ సదువుల కూసోవెడ్తరంట. ఏది మంచిదో జెర జెప్పుండ్రి."

"ప్రి-వెట్ అని ఎవరు జెప్పిండ్రు?"

"సాయిలు అని మనోడే సారు. పిల్లలను కాలేజీలల్ల ఏపిస్తడు. మన తెలుగు మనిషే."

మనోడే అన్న మాట వినగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. సరిహద్దు ఊళ్లలో మనవాళ్ల తీరు నాకు తెలుసు. కచేరీలో మరాఠీ, బడిలో మరాఠీ, మోండా అంగట్లో మరాఠీ, అక్కడ ఎవరైనా ఏదైనా చెబితే పదిసార్లు అడిగి తెలుసుకుంటారు. అదే మాట ఎవడైనా తెలుగులో చెప్పాడంటే చాలు, భుజాల మీది బరువు దించేసినట్టు నమ్మేస్తారు. ఈ పొరపాటు మా ఇంట్లోనూ చూశాను, మా ఊళ్లోనూ చూశాను.

"గాయన తెలుగు మాట్లాడ్తె కాలేజీ మంచిదైతదా పోశెట్టీ?" అన్నాను.

జవాబు అతని భార్య గంగుబాయి చెప్పింది. అప్పటిదాకా ఆమె గోడకు ఆనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"గాయన మా ఇంటికొచ్చి మంచం మీద కూసున్నడు సారు. అంబలి ఇస్తె తాగిండు. మా గిలాసతోనె తాగిండు. ఊర్ల పెద్దోళ్లు మా ఇంటి ముంగటికెల్లి పోతరు, గొంతెండినా నీళ్లు అడుగరు. మా ఇంట్ల తాగినోడు మాకేం మోసం జేస్తడు?"

ఆమె బతుకులో అది చిన్న సంగతి కాదు. పెంటకుప్ప గురించి చెప్పడం మొదలుపెట్టాను గానీ నాకే ఆ మాట చప్పగా తోచింది.

"మోసం అంటలేను గంగుబాయి. పోయి సూడుమంటున్న."

"మీకు అందరు దొంగలోలెనె కనవడ్తరు సారు" అంది ఆమె, కొంచెం కోపంగానే. వంటింట్లోంచి మా ఆవిడ "గట్ల అడుగు చెల్లె!" అని నవ్వింది.

"నేను మ్యాకల డాక్టర్ గావాలె సార్" అంది రుక్మిణి. "గా దూరం కాలేజీల అయితె కాను కదా?"

అబద్ధం ఆడలేను. కాలేవని చెప్పాను. వ్యవసాయ డిగ్రీలో పశువుల పాఠాలు ఉంటాయి గానీ డాక్టరు కావాలంటే ప్రవేశ పరీక్ష మళ్లీ రాసి గట్టెక్కాలి. ఆ అమ్మాయి మొహం వాడిపోయింది. ఆ వారం తిరిగేలోపు పోయి చేరకపోతే ఆ సర్కారు సీటు ఇంకొకరికి పోతుంది. అందుకే ఆలస్యం చేయకుండా, ఎవరికీ చెప్పకుండా, అప్పటికప్పుడు ఆటో మాట్లాడి నలుగురం ఆ ప్రి-వెట్ కాలేజీకి బయలుదేరాం.

పక్క ఊరి పిల్లలు

రోడ్డు పక్కనే కొత్త భవనం, అద్దాల తలుపులు, ముందు గడ్డి. నేను గేటు దాటగానే కొట్టం వైపు నడిచాను. సిమెంటు గచ్చు తళతళలాడుతోంది. ఒక ఆవు, దాని దూడ. వెనక్కి పోయి చూశాను. మోకాలెత్తు పిచ్చిగడ్డి తప్ప పెంట అన్నదే లేదు. నాకు పట్టలేని సంతోషం. గంగుబాయిని పిలిచి చూపించాను.

"పెంట లేకుంటె ఏంది సారు? తోలిండ్రు గావచ్చు" అంది ఆమె.

అప్పటికే సాయిలు పరుగెత్తుకుంటూ వచ్చాడు. తెల్ల చొక్కా, నుదుట బొట్టు, నోరంతా నవ్వు. "అవునమ్మా, మొన్ననె మన కాలేజీ చెలకలకు తోలినం" అన్నాడు. ఆ చెలక ఎక్కడుందో నేను అడిగేలోపు పోశెట్టి భుజం మీద చెయ్యి వేసి నీడకు తీసుకుపోయాడు. ఇన్నేళ్ల నా పరీక్ష ఒక్క మాటతో గాలికి పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

వరండాలో కొందరు అమ్మాయిలు కూర్చుని ఉన్నారు. పోయి పలకరించాను. మీ ఆవు తంతుందా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సరే, ఏ ఊరమ్మా అని అడిగాను. ఒకరు బిలోలి వైపు, ఒకరు కిన్వట్ తండా, ఇద్దరు మా కర్ఖేలి దగ్గరి వాళ్లు, ఒకరు దెగ్లూర్ అవతల. అందరూ సరిహద్దు పల్లెలవాళ్లే. తెలుగులో మాట్లాడితే వాళ్ల కళ్లు మెరిశాయి. పక్కనే రోడ్డు అవతల ఊరు కనబడుతోంది. ఆ ఊరి పిల్లలు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. లేరు. నాందేడ్ పిల్లలు? ఒక్కరూ లేరు.

ఇంతకాలం పేడలో వెతుక్కున్నది నా కళ్ల ముందే ఉంది. కాలేజీ ఎలాంటిదో పక్క ఊరికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పశువులు ఎప్పుడొస్తాయి, ఎప్పుడు పోతాయి, మాస్టార్లు ఉన్నారా, పాఠాలు జరుగుతాయా, అంతా వాళ్లు రోజూ చూస్తారు. వాళ్ల పిల్లలు లేని చోట, దూరపు ఊళ్ల పిల్లలే నిండి ఉన్నచోట, ఏదో ఉంది. పోశెట్టిని పక్కకు పిలిచి ఈ మాటే చెప్పాను. అతను తల దించుకున్నాడు.

"దాఖలా ఇచ్చేసినం సారు. మొన్ననె. అసలుదే ఇచ్చిన."

దాఖలా అంటే టీసీ. అది ఇక్కడ బీరువాలో ఉంటే అక్కడ సర్కారు కాలేజీలో ఏం చూపించి చేరుతుంది? ఇలాంటి కాలేజీలు ముందు అడిగేది అందుకే. "ఎందుకిచ్చినవయ్యా!" అని అరిచేశాను. రుక్మిణి మాత్రం ఆఫీసు గదిలోకి నడిచింది. మేం వెనకాలే పోయాం.

గదిలో ఒక నడివయసు క్లార్కు, మరాఠీ ఆవిడ. పెద్ద బీరువా. సాయిలు మా కంటే ముందే వచ్చి నిలబడ్డాడు. బీరువా తాళంచెవి ప్రిన్సిపాల్ సార్ దగ్గరుంది, సార్ పుణె పోయిండు, వచ్చే వారం వస్తడు, అన్నాడు. వచ్చే వారానికి ఆ సీటు ఉండదు. ఆ సంగతి వాడికీ తెలుసు.

రుక్మిణి క్లార్కును తాయీ అని, అంటే అక్కా అని పిలిచి మరాఠీలో అడిగింది.

"తాయీ, మీది ఈ పక్క ఊరేనా?"

అవునందావిడ.

"మరి మీ ఊరి అమ్మాయిలు ఇక్కడ ఎందుకు చదవడం లేదు?"

ఆవిడ కాగితాలు సర్దుకోసాగింది. సాయిలు నవ్వుతూ మధ్యలో దూరి తెలుగులో అందుకున్నాడు. "గీ ఊరోళ్లకు సదువంటె ఏం ఎర్కమ్మా? ఆడివిల్లలను పదో క్లాసు కాంగనె పెండ్లి జేసి తోలిస్తరు. మన తీర్గ కాదు."

రుక్మిణి ఒక్క క్షణం కూడా ఆగలేదు. క్లార్కు వైపు తిరిగి, ఆ మాటలను ఒక్కటీ వదలకుండా మరాఠీలో చెప్పేసింది. చదువంటే మీ ఊరివాళ్లకు ఏం తెలుసంటున్నాడు తాయీ, పదో తరగతి కాగానే మీ ఆడపిల్లలకు పెళ్లి చేసి పంపించేస్తారంట.

ఆవిడ లేచి నిలబడింది. మొహం కందగడ్డలా అయింది. సాయిలు తడబడి, అలా అనలేదు మావ్‌శీ, ఈ పిల్లకు అర్థం కాలేదు, అని మరాఠీలోకి దిగాడు. ఆవిడ వినలేదు.

"నా బిడ్డ పర్భణీలో బీఎస్సీ చదువుతోంది" అంది మరాఠీలో. "మా ఊరి ఆడపిల్లలు నలుగురు అక్కడే ఉన్నారు. ఇక్కడ ఏముందో తెలుసు కాబట్టే ఒక్కరినీ ఇందులోకి పంపలేదు. నాకు గతిలేక ఈ కుర్చీలో కూర్చున్నాను, మీరెందుకు వచ్చారమ్మా?"

సొరుగు లాగి తాళంచెవి తీసింది. పుణె పోయిన తాళంచెవి! బీరువా తెరిచి, వెతికి, దాఖలా రుక్మిణి చేతిలో పెట్టింది. సాయిలు అడ్డం రాబోతే వాడి వైపు చూసిన చూపుకు నేనే ఒక అడుగు వెనక్కి వేశాను. నేను ఎన్ని కాలేజీలు తనిఖీ చేసినా ఇంత సూటిగా ఎవరినీ అడగలేదు, ఇంత సూటైన జవాబూ వినలేదు.

రోడ్డు మీద

బయటికి వచ్చాక నాకు గంతులెయ్యాలనిపించింది. రుక్మిణి ఏడుస్తోంది. గెలిచి వచ్చిన పిల్ల ఎందుకు ఏడుస్తోందో మొదట అర్థం కాలేదు.

"ఏందమ్మా, దాఖలా దొరికింది గద?"

"నాల్గు దినాలు డాక్టర్నయిన అనుకున్న సార్" అంది. "అబద్ధమే అయినా మంచిగుండె."

ఇన్నేళ్లూ మోసాన్ని పట్టుకోవడమే నా పని అనుకున్నాను. పట్టుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరి ఆశ కూడా చేతికి తగులుతుందని మీకు ఎవరూ చెప్పరు, అందుకని నేను చెబుతున్నాను. అనుమానించండి, కానీ అక్కడితో చేతులు దులుపుకుని పోకండి. ఆ పిల్లకు ఇంకో దారి చూపించాకే మీ పని అయినట్టు. నేను ఆ సాయంత్రమే ఆ దూరపు కాలేజీలో నాకు తెలిసిన ఒకరిద్దరికి ఫోన్లు చేసి, హాస్టల్ సంగతి, ఆడపిల్లల భద్రత సంగతి విసుగొచ్చేదాకా అడిగాను.

రుక్మిణి అక్కడే చేరింది. ఇప్పుడు అక్కడే చదువుతోంది. వాళ్ల కాలేజీ ఆవుల్లో ఏది తంతుందో అడగకుండానే ఫోనులో చెప్పింది. ప్రవేశ పరీక్ష మళ్లీ రాస్తానంటోంది. గట్టెక్కుతుందో లేదో నాకు తెలియదు, ఉత్తి మాటలు చెప్పి ఆశపెట్టడం నాకు చేతకాదు.

ఆ రోజు మాత్రం మేం నలుగురం కాలేజీ ముందు రోడ్డు పక్కన బస్సు కోసం నిలబడ్డాం. గంగుబాయి మాకు కొంచెం ఎడంగా నిలబడింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని రోడ్డు వైపు చూస్తోంది. ఇంతలో సాయిలు మోటార్‌సైకిల్ మీద వచ్చి మా ముందు ఆపాడు. నన్ను చూడనట్టే నటించి, నేరుగా ఆమెతో మాట్లాడాడు. ఎంత తియ్యగా మాట్లాడాడో చెప్పలేను.

"అక్కా, గిదేందక్కా? పిల్లను నా సొంత చెల్లె తీర్గ సూసుకుంటనంటిని. గీ ముసలాయన మాటలు వట్టుకొని పిల్ల బతుకు ఖరాబ్ జేస్తవా? గంత దూరం, ఒక్క తెలుగు మనిషి లేని కాడికి తోలుతవా? నీ చేతి అంబలి తాగినోన్ని అక్కా. మనం మనం తెలుగోళ్లం, మనకు మనం గాకుంటె ఎవలున్నరు?"

పోశెట్టి మెత్తబడుతున్నాడు. నాకు తెలిసిపోతోంది. నేను నోరు తెరవబోయాను.

గంగుబాయి వాడిని నిదానంగా పైనుంచి కింది దాకా చూసింది. ఆమె మరాఠీ మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. పటేలు చేలో కూలి అడగడానికి తప్ప ఆమెకు దానితో పనిలేదు.

"ఆమ్హాలా తెలుగు యేత్ నాహీ" అంది వాడితో.

మాకు తెలుగు రాదని. అని, దూరంగా వస్తున్న బస్సును చూసి చెయ్యెత్తింది.